కంపైలర్ నేర్చుకుందాం – 4: చెట్టుకు లెక్కలు తగిలిద్దాం

కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి అనువదించే ప్రోగ్రాము. పోయిన పాఠంలో గుంటూరు చిరునామాకు వ్యాకరణం, అంటే ఏ రాత సరైన చిరునామానో చెప్పే సూత్రాలు, రాశాం. కవరు మీద ‘బ్రాడీపేట 4/14’ అని ఉంటే చాలు, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఊళ్లో వాళ్లకు తెలిసిపోతుంది. మన సూత్రాలు ఇవి (::= అంటే ‘ఇలా ఉంటుంది’, | అంటే ‘లేదా’):

<చిరునామా> ::= <పేట> <సంఖ్య> / <సంఖ్య>
<పేట> ::= బ్రాడీపేట | అరండల్‌పేట
<సంఖ్య> ::= <అంకె> | <సంఖ్య> <అంకె>

<అంకె> అంటే 0 నుంచి 9 దాకా ఏదైనా. ఈ రాతపద్ధతి కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ బ్యాకస్ 1959లో ప్రతిపాదించినది. 1960లో ఆల్గాల్ 60 అనే ప్రోగ్రామింగ్ భాష నివేదిక కూర్చినప్పుడు పీటర్ నౌర్ దాన్ని మెరుగుపరిచారు.

ఈ వ్యాకరణం 4-14ను తిప్పికొడుతుంది, 4/9999ను మాత్రం నిక్షేపంగా ఒప్పుకుంటుంది. అలాంటి అడ్డరోడ్డు ఉందా లేదా అన్నది దానికి పట్టదు. పట్టకూడదు కూడా, ఆ తనిఖీ వేరే దశలో చేద్దాం.

ఇవాళ్టి పని అనువాదం. ‘4/14’ ఇస్తే ‘లైను 4, అడ్డరోడ్డు 14’ అని రావాలి. చిక్కు ఎక్కడంటే, కంప్యూటర్‌కు 14 అన్నది పద్నాలుగు కాదు, పక్కపక్కన నిలబడ్డ రెండు గుర్తులు. దాన్ని పద్నాలుగు చేయాల్సింది మనమే. అందుకు ప్రతి సూత్రం పక్కన ఒక లెక్క రాస్తాం:

<అంకె> ఒక్కటే ఉంటే: విలువ = అంకె
<సంఖ్య> <అంకె> ఉంటే: విలువ = 10 × లోపలి సంఖ్య విలువ + అంకె

సూత్రాల ప్రకారం 14ను ముక్కలుగా విడగొడుతూ పోతే, పై నుంచి కిందికి కొమ్మలుగా చీలే చెట్టు బొమ్మ వస్తుంది. ఆ చెట్టు అడుగు నుంచి పైకి రండి. మొదట 1. తర్వాత 10 × 1 + 4, అంటే 14. ఇలా చెట్టు కొమ్మలకు తగిలించే విలువలను గుణాలు అందాం. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1968లో ఈ పద్ధతిని వివరిస్తూ తీసుకున్న ఉదాహరణ కూడా సంఖ్యే, కాకపోతే 0, 1లతో రాసే బైనరీ సంఖ్య.

ఇప్పుడు ఒక తుంటరి పని చేద్దాం. మూడో సూత్రంలో <సంఖ్య> <అంకె> తీసేసి <అంకె> <సంఖ్య> అని తిరగేయండి. ఒప్పుకునే చిరునామాలు ఏమీ మారవు, ఒక్కటి కూడా. లెక్కను కూడా అలాగే తిరగేసి 10 × అంకె + లోపలి సంఖ్య అని రాస్తే 14కు 14 వస్తుంది. మొదటిసారి నేనూ ఇక్కడే సంబరపడి ఫైలు మూసేశాను. 104 ఇచ్చి చూడండి. లోపల మిగిలేది 04, దాని విలువ 4. బయటి 1తో కలిపితే మళ్లీ 14! నూట నాలుగుకు వెళ్లాల్సిన ఉత్తరం పద్నాలుగులో పడింది.

బయటి 1 పదో వందో తెలియాలంటే లోపల ఎన్ని అంకెలున్నాయో తెలియాలి. కాబట్టి ‘పొడవు’ అనే రెండో గుణం కావాలి. ఒక్క అంకెకు పొడవు 1, ఆపైన ప్రతి మెట్టుకు ఒకటి కలుపుతూ పోవాలి. లోపలి పొడవు 2 అయితే బయటి అంకెను 10తో రెండుసార్లు గుణించాలి: 100 + 4 = 104. అవే మాటలను ఒప్పుకునే రెండు వ్యాకరణాల్లో ఒకదానికి ఒక గుణం సరిపోయింది, రెండోదానికి రెండు పట్టాయి. అందుకే నేను అనువాదం ఏమిటో తేల్చుకోకుండా వ్యాకరణం రాయను.

అభ్యాసం: <చిరునామా> సూత్రానికి లెక్క మీరు రాయండి. కుడివైపు <సంఖ్య> రెండుసార్లు ఉంది కాబట్టి సంఖ్య1, సంఖ్య2 అని పేర్లు పెట్టుకోండి. తర్వాత వ్యాకరణాన్ని ముట్టుకోకుండా, అడ్డరోడ్డు ముందు, లైను తర్వాత వచ్చేలా మార్చండి. పరీక్షకు 4/14తో పాటు 4/104 కూడా తప్పకుండా ఇవ్వండి.