కాపని డప్పును కాపిన డప్పుతో పోల్చొద్దు: సాఫ్ట్ సింత్‌ల సౌండ్‌ను సరిచూసే పద్ధతి

ఒక డప్పును మంటకు కాపి, ఇంకోదాన్ని కాపకుండా, రెండూ పక్కపక్కన కొట్టి ఏది మంచిదో ఎవరూ తీర్పు చెప్పరు. సాఫ్ట్‌వేర్ సింత్‌ల (కంప్యూటర్‌లోనే సౌండ్ పుట్టించే వాయిద్యాల) దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది సరిగ్గా అదే చేస్తారు. సీరమ్ అనే సింత్‌లో ఒక ప్రీసెట్ (ముందే తయారుచేసి పెట్టిన సౌండ్), వైటల్ అనే సింత్‌లో ఇంకో ప్రీసెట్ తెరిచి, నాలుగు కీలు నొక్కి, "ఇది బరువుంది, అది పలచగుంది" అని తేల్చేస్తారు. వాళ్లు విన్నది సింత్‌ను కాదు. ప్రీసెట్ చేసినవాళ్ల పనితనాన్ని, దానిమీద కప్పిన రివర్బ్‌ను (గది మార్మోగినట్టు చేసే ఎఫెక్టును), అన్నిటికంటే ఎక్కువగా రెండింటి వాల్యూమ్‌లో ఉన్న తేడాను విన్నారు. నల్లగొండలోనో, పాలమూరులోనో ఇంట్లో ఒక గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఫోక్ పాటలకు ట్రాక్‌లు, బోనాలకూ బరాత్‌లకూ డీజే మిక్స్‌లు చేసేవాళ్లు ఒక పూట కూర్చుంటే ఈ పరీక్ష మొత్తం అయిపోతుంది.

కావలసిన సామాను తక్కువే. పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రీపర్ గానీ ఎఫ్‌ఎల్ స్టూడియో గానీ ఏదో ఒకటి. ఫ్రీక్వెన్సీలు చూడటానికి వోక్సెంగో స్పాన్, లౌడ్‌నెస్ కొలవడానికి యూలీన్ లౌడ్‌నెస్ మీటర్. ఈ రెండింటికీ ఉచిత వెర్షన్లు ఉన్నాయి. వైరున్న హెడ్‌ఫోన్ వాడండి. బ్లూటూత్‌ది సౌండ్‌ను కుదించి పంపుతుంది కాబట్టి పైస్వరాల్లో తేడాలు అక్కడే పోతాయి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఎండాకాలంలో కష్టమే గానీ, ఫ్యాన్ హోరు సన్నని తేడాలను మింగేస్తుంది.

ఒకే జాతి సింత్‌లనే పక్కపక్కన పెట్టండి. 2014లో వచ్చిన సీరమ్, 2020లో వచ్చిన వైటల్ రెండూ వేవ్‌టేబుల్ సింత్‌లు (దాచిపెట్టిన వేవ్ ఆకారాల వరుసను చదివి సౌండ్ చేసేవి) కాబట్టి వాటిని పోల్చడంలో అర్థం ఉంది. డివా పాత అనలాగ్ కీబోర్డుల తీరున తయారైంది, దాన్ని ఉచితంగా దొరికే టాల్ నాయిస్‌మేకర్‌తో, సర్జ్ ఎక్స్‌టీతో పోల్చొచ్చు. డెక్సెడ్ సంగతి వేరు. అది 1983 నాటి యమహా డీఎక్స్7 పద్ధతిలో ఆరు ఆపరేటర్లను (సౌండ్ పుట్టించే యూనిట్లను) ఒకదానితో ఒకటి మాడ్యులేట్ చేసే ఎఫ్‌ఎం సింత్. దాన్ని సీరమ్ పక్కన పెట్టి ఏది మంచిదని అడిగితే జవాబు రాదు.

ముందు బట్టలు విప్పాలి

రెండింటిలోనూ ఇనిట్ ప్యాచ్, అంటే సింత్ మొదలుపెట్టే సాదా సౌండ్, తెరవండి. ఇనిట్ అంటే ఖాళీ అని నమ్మొద్దు, ఒక్కో సింత్ ఇనిట్ ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకే ఆసిలేటర్ (సౌండ్ పుట్టించే భాగం), సా వేవ్ (రంపం పళ్ల ఆకారపు వేవ్) ఉంచండి. యూనిసన్ (ఒకే నోటును చాలా వాయిస్‌లతో కలిపి వాయించడం) 1 వాయిస్. ఎఫెక్టులు అన్నీ ఆఫ్. ఫిల్టర్ ఆఫ్. గ్లైడ్ (ఒక నోటు నుంచి ఇంకోదానికి జారడం) సున్నా. వెలాసిటీతో (కీ ఎంత గట్టిగా నొక్కారన్నదాంతో) వాల్యూమ్ మారే లింకు ఉంటే తీసేయండి. ఎన్వలప్‌లో (నోటు వాల్యూమ్ ఎలా ఎక్కి దిగాలో చెప్పే చోట) అటాక్ సున్నా, సస్టెయిన్ నిండుగా, రిలీజ్ 50 మిల్లీసెకన్లు.

ఇంకా మిగిలేది ఫేజ్. నోటు నొక్కిన ప్రతిసారీ వేవ్ వేరే చోటు నుంచి మొదలయ్యేట్టు కొన్ని సింత్‌లు డిఫాల్ట్‌గా పెట్టుకుని వస్తాయి. రాండమ్ ఫేజ్ సున్నా చేసి, ప్రతి నోటూ ఒకేచోట మొదలయ్యేలా పెట్టండి. సరిగా పెట్టారో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కింద చెప్పిన పరీక్ష క్లిప్‌ను అదే సింత్‌తో రెండుసార్లు రెండర్ చేసి (ఆడియో ఫైల్‌గా తీసి), రెండో ఫైల్ పొలారిటీ తిప్పి (వేవ్‌ను తలకిందులు చేసి), రెండూ కలిపి వాయించండి. పూర్తి నిశ్శబ్దం వస్తే సరే. ఏదైనా వినబడిందంటే ఆ సింత్‌లో ఎక్కడో రాండమ్ మిగిలి ఉంది. అనలాగ్ తీరున చేసినవాటిలో పిచ్ కొద్దిగా ఊగేలా కావాలనే పెడతారు, దాన్ని తప్పుగా లెక్కగట్టొద్దు.

ఇప్పుడు వాల్యూమ్. మొత్తం పరీక్షలో ఇదే ప్రాణం. రెండు సౌండ్లలో ఒకటి 1 డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్ని "గట్టిగా ఉంది" అనుకోదు, "మంచిగా ఉంది" అనుకుంటుంది. సింత్ తర్వాత ఒక గెయిన్ ప్లగిన్, దాని తర్వాత లౌడ్‌నెస్ మీటర్ పెట్టి, క్లిప్ మొత్తం వాయించి ఇంటిగ్రేటెడ్ విలువ (మొత్తం క్లిప్ సగటు) చూడండి. రెండింటినీ మైనస్ 18 లఫ్స్‌కు (లౌడ్‌నెస్ కొలమానం) తెచ్చి, తేడా 0.2 డెసిబెల్ లోపల ఉంచండి. సింత్ మాస్టర్ నాబ్ ముట్టొద్దు, గెయిన్ ప్లగిన్‌తోనే సరిచేయండి. ఫిల్టర్ వేసిన తర్వాత, రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే చోటి దగ్గరి స్వరాలను ఎత్తే నాబ్) పెంచిన తర్వాత, ప్రతిసారీ మళ్లీ కొలవాలి. ఈ విసుగు పని వదిలేస్తే మిగతాదంతా వృథా.

పరీక్ష క్లిప్

టెంపో 120, 4/4. ఇట్ల పెడితే ఒక బార్ సరిగ్గా 2 సెకన్లు. నోట్ల పేర్లు నమ్మొద్దు. మిడి (నోట్లను నంబర్లతో చెప్పే పద్ధతి) లెక్కలో 60వ నోటును ఎఫ్‌ఎల్ స్టూడియో సీ5 అంటుంది, ఏబుల్టన్ సీ3 అంటుంది. అందుకే నంబర్లతోనే చెప్తున్నాం: 33వ నోటు 55 హెర్ట్జ్, 69వ నోటు 440 హెర్ట్జ్, దానికి మూడు ఆక్టేవ్‌ల పైన 105వ నోటు 3520 హెర్ట్జ్. మొదటి రెండు బార్లు 33 సాగదీయండి. తర్వాతి రెండు బార్లు 57, 60, 64 కలిపి ఒక కార్డ్. ఆ తర్వాత ఒక బార్ నిండా 33వ నోటు పదహారు దెబ్బలు. చివరి రెండు బార్లు 105. ఇదే మిడి క్లిప్‌ను రెండు ట్రాకుల్లోనూ వేసి, 44100 హెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా రెండర్ చేయండి. లైవ్‌గా వాయిస్తూ పోల్చొద్దు.

చివర్లో 105 ఎందుకంటే ఎలియాసింగ్ అక్కడే బయటపడుతుంది. 44100 దగ్గర పనిచేసే సింత్ 22050 హెర్ట్జ్ పైన ఏ స్వరాన్నీ పట్టలేదు. సా వేవ్‌లో మాత్రం హార్మోనిక్స్ (అసలు నోటుకు రెట్లలో ఉండే పైస్వరాలు) ఆగకుండా పైకి పోతూనే ఉంటాయి. 3520కి ఆరో హార్మోనిక్ 21120, అది సరిపోతుంది. ఏడోది 24640, పట్టదు. సింత్ రాసినవాళ్లు దాన్ని ముందే కత్తిరించకపోతే అది గోడకు కొట్టిన బంతిలాగ వెనక్కి వచ్చి 19460 దగ్గర పడుతుంది. పదోది 8900 దగ్గర, పన్నెండోది 1860 దగ్గర పడుతుంది, అంటే అసలు నోటు కంటే కూడా కింద. ఈ అంకెలు ఏవీ 3520 గుణిజాలు కావు, అందుకే చెవికి స్వరం తప్పిన గరగరలాగ తగులుతుంది. స్పాన్‌లో బ్లాక్ సైజ్ 8192 పెట్టి చూడండి: 3520, 7040, 10560, 14080, 17600, 21120 దగ్గర గీతలు నిలబడాలి. మధ్యలో లేచే గీతలు ఎలియాసింగ్. అవి అసలు నోటు కంటే 80 డెసిబెల్‌లు కింద ఉంటే పట్టించుకోనక్కర లేదు. 40 మాత్రమే కింద ఉంటే లీడ్‌లో (ముందు వినిపించే ట్యూన్‌లో) వినబడుతుంది. అప్పుడు ఓవర్‌శాంప్లింగ్ (సింత్ లోపల ఎక్కువ రేటు మీద లెక్కించడం) పెంచి మళ్లీ చూడండి. సీరమ్‌లో 1, 2, 4 రెట్లు ఉంటాయి, వైటల్‌లో 8 వరకు పోవచ్చు. ఒకటి 1 రెట్టు మీద, ఇంకోటి 4 రెట్ల మీద ఉంచి పోల్చితే మళ్లీ కాపని డప్పు కథే.

ఫిల్టర్ దగ్గరే సింత్‌ల గుణం ఎక్కువగా తెలుస్తుంది. 24 డెసిబెల్ లోపాస్ (పైస్వరాలను కోసే ఫిల్టర్), కటాఫ్ (కోత మొదలయ్యే చోటు) 1000 హెర్ట్జ్ పెట్టండి. రెండింటి నాబ్‌ల మీద ఒకే అంకె ఉన్నంత మాత్రాన ఒకేచోట కోస్తాయని లేదు. ఆసిలేటర్ బదులు వైట్ నాయిస్ పంపి, స్పాన్‌లో రెండు వంపులూ ఒకదానిమీద ఒకటి కూర్చునేదాకా ఒక నాబ్‌ను జరపండి. అప్పుడు సా వేవ్ వెనక్కి తెచ్చి 33వ నోటు వాయిస్తూ రెజొనెన్స్‌ను సున్నా నుంచి సగానికి, అక్కడి నుంచి 80 శాతానికి పెంచండి. మూగ్ లాడర్ తీరున చేసిన ఫిల్టర్‌లో రెజొనెన్స్ పెరిగేకొద్దీ బేస్ తగ్గుతుంది. అది లోపం కాదు, ఆ సర్క్యూట్ స్వభావమే అంత. బేస్‌లైన్ కోసం వెతుకుతుంటే మాత్రం ఇది తెలిసి ఎంచుకోవాలి. తర్వాత కటాఫ్‌ను 8 సెకన్లలో కింది నుంచి పైకి ఆటోమేట్ చేయండి. నున్నగా ఎక్కకుండా మెట్లుమెట్లుగా ఎక్కితే స్వీప్‌లకు ఆ సింత్ పనికిరాదు.

ఎన్వలప్‌లో సస్టెయిన్ దించి, డికే 300 మిల్లీసెకన్లు అని రెండింట్లో ఒకే అంకె రాసినా వంపు వేరుగా ఉంటుంది. ఒకటి మొదట్లోనే దభీమని పడి తర్వాత మెల్లగా సాగితే, ఇంకోటి తిన్నగా జారుతుంది. తీన్‌మార్ దెబ్బల మధ్య ఇరికించే పొట్టి లీడ్‌కు మొదటి రకమే సరిపోతుంది. రెండర్ చేసిన వేవ్‌ను జూమ్ చేసి, ఆకారం కలిసేదాకా సరిచేసి, అప్పుడు వినండి. పదహారు దెబ్బలు ఉన్న బార్‌ను కూడా అక్కడే చూడండి, దెబ్బ దెబ్బకూ ఎత్తు మారుతుంటే ఫేజ్ ఇంకా రాండమ్‌లోనే ఉంది.

చిటపటలు వస్తే సింత్‌ను తిట్టే ముందు ల్యాప్‌టాప్‌ను చూడండి. 44 డిగ్రీల మధ్యాహ్నం ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీదికి వస్తే పవర్ సేవింగ్ మోడ్ కూడా అంతే చేస్తుంది. ఛార్జర్ పెట్టి, పొద్దుగాల చల్లపూట, బఫర్ (ల్యాప్‌టాప్ ఒకేసారి లెక్కించే సౌండ్ ముక్క) 512 శాంపిళ్ల మీద పరీక్షించండి. డివాలో డ్రాఫ్ట్ నుంచి డివైన్ దాకా నాలుగు క్వాలిటీ మోడ్‌లు ఉన్నాయి, పై మోడ్ ప్రాసెసర్‌ను బాగా పిండుతుంది. దాని డెమోలో అప్పుడప్పుడు వచ్చే చిటపట మాత్రం కొననివాళ్లకు కావాలని పెట్టినది.

చివరగా మీ పాటలో పెట్టి వినండి. ఒంటరిగా బరువుగా వినిపించిన సింత్, డప్పు, గొంతు పడగానే బురదలా మారొచ్చు. పలచగా అనిపించినదే చోటు చూసుకుని నిలబడొచ్చు. మాస్టర్‌ను మోనో చేసి (ఎడమ, కుడి ఒకటిగా కలిపి) కూడా వినాలి. ఊరేగింపు బండి మీది డబ్బాలు చాలాచోట్ల మోనోలోనే నడుస్తాయి, యూనిసన్‌తో, కోరస్‌తో తెచ్చిన వెడల్పు అక్కడ మాయమవుతుంది.

ఆ తర్వాతే తీర్పు, అదీ పేర్లు చూడకుండా. ఫూబార్2000 ప్లేయర్‌లో ఏబీఎక్స్ కాంపొనెంట్ (పేరు చూపకుండా ఫైళ్లు వినిపించేది) వేసి, ఏది ఏదో 16 సార్లు గుర్తుపట్టండి. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిగా వస్తే తేడా మీకు నిజంగా వినబడుతున్నట్టే, గుడ్డిగా కొట్టి అన్ని తెచ్చుకునే అవకాశం నూటికి 4 కంటే తక్కువ. తొమ్మిది, పది దగ్గరే ఆగితే రెండింట్లో ఉచితమైనదో, మీ ల్యాప్‌టాప్ మీద తేలికగా నడిచేదో తీసుకోండి. ఫైల్ పేరులోనే సింత్ పేరు, వెర్షన్ నంబరు, ఓవర్‌శాంప్లింగ్ రాసి దాచుకుంటే, అప్‌డేట్ వచ్చినప్పుడు అదే మిడి క్లిప్ మళ్లీ రెండర్ చేసి పాతదాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.