పనుల జాబితాతో ఆట – 3వ పాఠం: సబ్‌టాస్క్‌లకు కాయిన్లు పంచడం

యాప్‌లో ఒక పనిని చేర్చి దానికి కాయిన్లు పెట్టడం, ఆ కాయిన్లతో కొనుక్కునే రివార్డ్‌లు రాసుకోవడం పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ పనిని సబ్‌టాస్క్‌లుగా విడగొట్టి, ఏ ముక్కకు ఎంత ఇవ్వాలో చూద్దాం. సబ్‌టాస్క్ చేర్చడం తేలికే. పనిని తెరిచి, ‘సబ్‌టాస్క్’ లేదా ‘చెక్‌లిస్ట్’ అని ఉన్నచోట ఒక్కో లైనూ రాసి సేవ్ చేస్తే సరిపోతుంది. కాయిన్లు పంచడం దగ్గరే ఆలోచించాలి.

‘రెజ్యుమే కొత్తగా రాయాలి’ అన్న పనిని తీసుకుందాం. చాలామంది దీన్ని ‘సమాచారం సేకరించాలి’, ‘బాగా రాయాలి’, ‘మెరుగుపరచాలి’ అని విడగొడతారు. ఇవి సబ్‌టాస్క్‌లు కావు. ‘మెరుగుపరచాలి’ అన్నదానికి టిక్ ఎప్పుడు పెట్టాలో ఎవరికీ తెలియదు. అయిందా లేదా అని అడిగితే ఒక్క మాటలో జవాబు రావాలి. అలా రాస్తే ఇలా ఉంటుంది: పాత ఫైల్ వెతికి తెరవడం, ఉద్యోగాల తేదీలు సరిచూడటం, చివరి ఉద్యోగంలో చేసిన మూడు ముఖ్యమైన పనులను ఒక్కో వాక్యంలో రాయడం, నమ్మకమైన ఒకరికి పంపి చదవమని అడగడం, వాళ్లు చెప్పిన మార్పులు చేసి పీడీఎఫ్‌గా సేవ్ చేయడం.

మొదటి ముక్క మరీ చిన్నదిగా కనిపిస్తుంది. కావాలనే అలా పెట్టాం. 2006లో ప్రచురించిన అధ్యయనం కోసం జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రేజ్ అనే పరిశోధకులు ఒక కార్ వాష్ దగ్గర కస్టమర్లకు స్టాంపుల కార్డులు (ఒక్కో వాష్‌కు ఒక స్టాంపు, కార్డు నిండితే ఒక వాష్ ఉచితం) పంచారు. కొందరికి ఎనిమిది స్టాంపులు కావాల్సిన ఖాళీ కార్డు ఇచ్చారు. మిగతావాళ్లకు పది స్టాంపుల కార్డు ఇచ్చి, అందులో రెండు ముందే వేసిపెట్టారు. రెండు గుంపులకూ ఇంకా కావాల్సింది ఎనిమిదే. అయినా మొదటి గుంపులో 19 శాతం మంది కార్డు పూర్తి చేస్తే, రెండో గుంపులో 34 శాతం మంది చేశారు. పని అప్పటికే మొదలైందని అనిపిస్తే దాన్ని వదిలేయడం కష్టం. అలాగని ఎప్పుడో అయిపోయిన పనిని జాబితాలో రాసి టిక్ పెట్టుకోకండి. నిజంగా చేయాల్సినదే, రెండు నిమిషాల్లో అయిపోయేది మొదట పెట్టండి.

ఇప్పుడు కాయిన్లు. ఒక్కో సబ్‌టాస్క్‌కు తోచినంత రాసుకుంటూ పోవద్దు. అలా చేస్తే ఎక్కువ ముక్కలు చేసిన పనికే ఎక్కువ కాయిన్లు వస్తాయి. కొన్నాళ్లకు పని చేయడం మానేసి ముక్కలు చేయడం మొదలవుతుంది. ముందు మొత్తం పనికి వెల కట్టి, దాన్నే పంచాలి. మన రెజ్యుమే విలువ 60 కాయిన్లు అనుకుందాం. ఫైల్ తెరవడానికి 5, తేదీలకు 5, మూడు వాక్యాలకు 15, ఇంకొకరికి పంపడానికి 10. ఇవి 35. మిగిలిన 25 పీడీఎఫ్ సేవ్ అయ్యాకే. చివరికి బరువైన వాటా ఉంచకపోతే తేలికైన ముక్కలకు టిక్ పెట్టి కాయిన్లు తీసుకుని, అసలు పనిని వదిలేసే ప్రమాదం ఉంది. ఇది ఈ పద్ధతిలో నాకు కనిపించే అతి పెద్ద లోపం. అందుకే దీన్ని గట్టిగా చెబుతున్నాను.

పంపడానికి అర నిమిషమే పడుతుంది, మరి 10 ఎందుకు? మనం రాసింది ఇంకొకరికి చూపించాలంటే చాలామందికి టెన్షన్. పని అక్కడే ఆగిపోతుంది. కాబట్టి పట్టే సమయాన్ని బట్టి కాకుండా, మనం ఎక్కడ వాయిదా వేస్తామో చూసి కాయిన్లు పెట్టాలి. మనసుకు నచ్చి చేసే ముక్కలకు సున్నా పెట్టినా నష్టం లేదు. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొద్ది రోజుల తర్వాత చూస్తే, మిగతా పిల్లల కంటే వాళ్లే బొమ్మల మీద తక్కువ సమయం గడిపారు. ఇష్టంగా చేసేదాన్ని కూలి పనిగా మార్చుకోకండి.

పనుల జాబితాను ఆటలా మార్చే హ్యాబిటికా యాప్ వాడేవాళ్లు ఒక తేడా గమనించాలి. అందులో చెక్‌లిస్ట్ అంశానికి విడిగా గోల్డ్ (అక్కడి కాయిన్లు) పెట్టే వీలు లేదు. అంశానికి టిక్ పెట్టగానే ఏమీ రాదు. మొత్తం టు-డూ (ఒక్కసారి చేసే పని) పూర్తి చేసినప్పుడు, టిక్ పడిన ప్రతి అంశానికీ ఆ పనికి వచ్చే ప్రతిఫలం ఇంకోసారి కలుస్తుంది. నాలుగు అంశాలు పూర్తయితే ఒక పనికి ఐదింతలు వస్తుందన్నమాట. రోజూ చేసే డైలీల్లో చెక్‌లిస్ట్ మరోలా పనిచేస్తుంది. సగం అంశాలు చేసి డైలీని పూర్తి చేయలేకపోతే, ఆటలో మీ పాత్ర ఆరోగ్యం మీద పడే దెబ్బ సగానికి తగ్గుతుంది. ముక్కముక్కకూ వేరే విలువ కావాలంటే వాటిని విడి టు-డూలుగా రాసి, అన్నింటికీ ఒకే ట్యాగ్ పెట్టండి. కష్టం స్థాయిని ఒక్కోదానికి మార్చుకోవచ్చు. ‘ఈజీ’ని 1 అనుకుంటే ‘ట్రివియల్’ 0.1, ‘మీడియం’ 1.5, ‘హార్డ్’ 2.

ఈ వారం అభ్యాసం: జాబితాలో అన్నిటికంటే ముందు చేరి ఇంకా కదలని పనిని ఒకటి తీసుకోండి. నాలుగు నుంచి ఆరు ముక్కలు చేయండి. ముందు మొత్తం వెల రాయండి, తర్వాత పంచండి, చివరి ముక్కకు మూడో వంతుకు తగ్గకుండా ఉంచండి. మొదటి ముక్కను యాప్ మూయకముందే చేసి టిక్ పెట్టండి. రోజూ తిరిగొచ్చే పనులకు సబ్‌టాస్క్‌లు ఎలా పెట్టాలో 4వ పాఠంలో.