కాలేజీ లైబ్రరీని పూర్తిగా వాడుకోవడం ఎలా?

డిగ్రీ కాలేజీ లైబ్రరీకి ఏడాదిలో రెండు జాతరలు. ఒకటి అక్టోబరు, నవంబరుల్లో, రెండోది మార్చి, ఏప్రిల్‌లలో. సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ నోటీసుబోర్డు ఎక్కిన రోజు నుంచి కౌంటర్ ముందు ఒకటే తోపులాట, కావలసిన టెక్స్ట్‌బుక్ ఒక్కటీ దొరకదు. మిగతా నెలల్లో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, వాటి కింద మనుషులుండరు. చాలామంది మూడేళ్లలో పదిసార్లు వెళ్తారు, ఆ పదిసార్లూ ఈ జాతరలోనే వెళ్లి "మా లైబ్రరీలో ఏ పుస్తకమూ ఉండదు" అని తేల్చేస్తారు. మొదటి ఏడాది నేనూ అలాగే తేల్చేశాను. రెండో ఏడాది ఒక సీనియర్ అక్క వెంటబెట్టుకుని ర్యాకులన్నీ తిప్పాక తెలిసింది, పుస్తకాలు ఉన్నాయని, నేను వెళ్లిన వేళే బాగోలేదని. ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పింది: అడగందే అమ్మయినా పెట్టదు, లైబ్రరియన్ పెడతాడా?

కాబట్టి పద్ధతి ఇది. ఆంధ్ర, తెలంగాణల్లోని డిగ్రీ కాలేజీలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇంజనీరింగ్ వాళ్లకూ కార్డులు, కౌంటర్ల వరకు ఇదే తంతు.

1. మొదటి వారంలోనే కార్డు చేయించుకోండి

అడ్మిషన్ రసీదు, ఐడీ కార్డు, రెండు ఫొటోలు పట్టుకెళ్తే చాలాచోట్ల అదే రోజు కార్డు ఇచ్చేస్తారు. అందరూ పరీక్షల ముందు చేయించుకుంటారు గనుక క్లాసులు మొదలైన కొత్తలో ఈ కౌంటర్ ఖాళీగానే ఉంటుంది. కార్డు చేతికి రాగానే జేబులో పెట్టుకుని వచ్చేయకండి. ఒకేసారి ఎన్ని పుస్తకాలు ఇస్తారు? ఎన్ని రోజులకు? ఆలస్యమైతే రోజుకు ఫైన్ ఎంత, ఆదివారాలూ సెలవులూ కూడా లెక్కేస్తారా? రెన్యువల్‌కు పుస్తకం తేవాలా, ఫోన్ చేస్తే చాలా? ఈ నాలుగూ అక్కడే అడిగేయండి. దసరా, సంక్రాంతి సెలవులకు ముందు తీసుకుంటే గడువు ఎప్పటిదాకా ఇస్తారో కూడా అడగండి. సెలవులను మినహాయించే కాలేజీ అయితే పండక్కి ఊరెళ్లే ముందు రోజే పుస్తకాలు తీసుకోవడం లాభం.

మీ కార్డు మీద ఇంకొకరికి పుస్తకం తీసివ్వకండి. ఎందుకో చివర్లో చెప్తాను.

2. ఒక వారం రద్దీని గమనించండి

ఇది ఎవరూ చెయ్యరు, అసలు గుట్టంతా ఇక్కడే ఉంది. ప్రతి లైబ్రరీకీ రోజువారీ నడక ఒకటి ఉంటుంది. లంచ్ బెల్ కొట్టగానే కౌంటర్ దగ్గర క్యూ, పేపర్ స్టాండ్ దగ్గర గుంపు. సాయంత్రం కాలేజీ బస్సులు కదిలే వేళకు హాలంతా ఒక్కసారిగా ఖాళీ. మీరు హాస్టల్లోనో, దగ్గర్లో రూములోనో ఉంటే ఆ చివరి గంట మీదే. బస్సు మీద ఆధారపడేవాళ్లయితే ఫస్ట్ అవర్ ముందు పావుగంట చూసుకోండి. అప్పుడు సిబ్బంది కూడా తీరిగ్గా ఉంటారు, అడిగినదానికి ఓపిగ్గా జవాబిస్తారు.

వెనక్కి వచ్చిన పుస్తకాలు ఎక్కడ పెడతారో కనిపెట్టండి. సాధారణంగా కౌంటర్ వెనకాల ఒక బల్లో, తోపుడు బండో ఉంటుంది. అటెండర్ వాటిని ర్యాకుల్లో సర్దేసరికి ఒక పూట పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులు. కంప్యూటర్ "ఉంది" అంటుంది, ర్యాక్‌లో చూస్తే ఉండదు, అది ఆ బల్ల మీదే ఉంటుంది. "అన్నా, రిటర్న్స్‌లో ఒకసారి చూసుకోవచ్చా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజు ఆ బల్ల నిండుగా ఉంటుంది.

పుస్తకం చివరి అట్ట లోపల అంటించిన డ్యూ డేట్ స్లిప్ చూడండి. బార్‌కోడ్‌లు వచ్చాక కొన్నిచోట్ల ఈ స్లిప్పులు పోయాయి గానీ పాత పుస్తకాల్లో ఇంకా ఉన్నాయి. దాని మీద పడ్డ ముద్రలు ఆ పుస్తకం జాతకం. ఏటా నవంబరులో, ఏప్రిల్‌లో గుత్తులుగా ముద్రలుంటే అది పరీక్షల పుస్తకం, జులైలోనే తీసుకోవాలి. ఏడాది పొడవునా ఒక్కో ముద్ర పడుతూ ఉంటే ఎవరో ఇష్టపడి చదువుతున్న పుస్తకం, తప్పకుండా తిరగేయండి. పదేళ్లుగా ఒక్క ముద్రా లేకపోతే వెంటనే పక్కన పెట్టేయకండి, ముందు అచ్చయిన సంవత్సరం చూడండి. అకౌంటెన్సీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పుస్తకాలు పాతబడితే పనికిరావు. గణితం, చరిత్ర, సాహిత్యం అలా కాదు. నాకు బాగా ఉపయోగపడిన రసాయనశాస్త్రం పుస్తకం మీద నా ముద్ర పడేనాటికి తొమ్మిదేళ్ల ఖాళీ ఉంది.

3. పుస్తకం వీపు మీది నంబరు చదవడం నేర్చుకోండి

ప్రతి పుస్తకానికీ రెండు నంబర్లుంటాయి. యాక్సెషన్ నంబరు ఆధార్ లాంటిది, ఒక్కో కాపీకి ఒక్కొక్కటి. కాల్ నంబరు ఇంటి చిరునామా, ఏ వీధిలో ఏ గుమ్మమో చెప్తుంది. వెతకడానికి కావలసింది ఈ రెండోదే.

మన కాలేజీల్లో ఎక్కువగా నడిచేది అమెరికన్ లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ పద్ధతి. విషయాలన్నిటినీ 000 నుంచి 999 లోపు సర్దేశాడు. ప్రోగ్రామింగ్ 005, రాజనీతిశాస్త్రం 320, ఆర్థికశాస్త్రం 330, గణితం 510, భౌతికశాస్త్రం 530, రసాయనశాస్త్రం 540, వృక్షశాస్త్రం 580, జంతుశాస్త్రం 590, అకౌంటెన్సీ 657, భారతదేశ చరిత్ర 954. మీ సబ్జెక్టుల నంబర్లు గుర్తుంటే కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా ఆగకుండా నేరుగా ర్యాక్ దగ్గరికే వెళ్లొచ్చు. తెలుగు సాహిత్యం 894.827. ఇంగ్లిష్ సాహిత్యానికి 820 నుంచి 829 దాకా పదిళ్ల వీధి రాసిచ్చిన ఈ పద్ధతి, కోట్లమంది మాట్లాడే తెలుగును చుక్క దాటించి మూడంకెల అవతల కూర్చోబెట్టింది. 1933లో మన దేశపు లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్ కోలన్ పద్ధతి తయారుచేశారు. అంకెలతో పాటు అక్షరాలూ, కోలన్ (:) లాంటి గుర్తులూ కలిసిన నంబర్లు కనబడితే మీ లైబ్రరీ అది వాడుతోందన్నమాట.

అందరూ తప్పు చేసే చోటు ఒకటుంది. 621.39 పుస్తకాలు ఒక అరలో, 621.381 దానికంటే ముందు అరలో ఉంటాయి. 381 పెద్దది కదా అని తర్వాత అరల్లో వెతుకుతారు, లేదనుకుని వెళ్లిపోతారు. చుక్క తర్వాత ఉన్నది దశాంశం. డబ్బుల్లో అనుకోండి, 38 పైసలు ముందు, 39 పైసలు తర్వాత. నంబరు కింద మూడక్షరాలుంటే అవి రచయిత పేరులోవి.

4. కేటలాగ్‌లో తెలుగు పుస్తకాన్ని నాలుగు రకాలుగా వెతకండి

లైబ్రరీ పుస్తకాల జాబితాకు కోహా, సోల్, ఈ-గ్రంథాలయ అని మూడు సాఫ్ట్‌వేర్లు తరచుగా కనిపిస్తాయి. ఏదైనా సరే, వెతుకుడు పెట్టెను ఓపాక్ అంటారు. కాలేజీ వెబ్‌సైట్‌లో దాని లింకు ఉంటే ఇంటి నుంచే చూసుకుని, కాల్ నంబరు ఫోన్‌లో రాసుకుని రావొచ్చు. ఇంగ్లిష్ పుస్తకాలతో పేచీ లేదు. తెలుగు పుస్తకాల పేర్లనే చాలాచోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు, ఎక్కించిన మనిషిని బట్టి స్పెల్లింగ్ మారుతుంది. "చరిత్ర"ను ఒకరు సీ, హెచ్‌లతో మొదలుపెడితే ఇంకొకరు ఉత్త సీతో మొదలుపెడతారు. దీర్ఘాలకు ఒకరు రెండు 'ఏ' అక్షరాలు కొడతారు, ఇంకొకరు ఒకటే. రచయిత పేరు మరీ గందరగోళం. మనకు ఇంటిపేరు ముందుంటుంది, సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరనుకుంటుంది. అందుకని ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి, పుస్తకం పేరులో ఒక్క మాటతో ఒకసారి కొట్టండి. ఏదీ తగలకపోతే 894.827 ర్యాక్ దగ్గర నిలబడి వేలితో వెతకడమే. నిజం చెప్పాలంటే తెలుగు పుస్తకాలకు నాలుగోదే మంచి దారి.

5. అడగండి, కానీ సరిగ్గా అడగండి

కొన్ని పాత కాలేజీల్లో పుస్తకాలు ఇప్పటికీ అద్దాల బీరువాల్లో తాళం వేసి ఉంటాయి. చీటీ రాసిస్తే లోపలి నుంచి తెచ్చిస్తారు. చీటీ మీద ఒకే పుస్తకం రాస్తే "లేదు" అనే మాట రావడం తేలిక. ఒకే సబ్జెక్టులో మూడు పేర్లు, వరుసగా కావలసిన క్రమంలో రాయండి. ఒకటైనా వస్తుంది.

"సార్, ఎకనామిక్స్ పుస్తకం కావాలి" అంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. "మేడమ్, భూసంస్కరణల మీద సెమినార్ ఉంది, పది పేజీలు రాయాలి, ఎక్కడ మొదలుపెట్టను?" అనండి. పాఠకుడి సమయం వృథా కాకూడదన్నది రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లందరికీ కంఠతా వచ్చు. ఏం కావాలో మీరు తేల్చి చెప్తేనే వాళ్లు దాన్ని పాటించగలరు.

చాలామందికి తెలియనివి, అడిగితేనే బయటికి వచ్చేవి కొన్ని: గత సంవత్సరాల ప్రశ్నపత్రాల బైండు, సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులు, టెక్స్ట్‌బుక్కులను సెమిస్టర్ మొత్తానికి ఇచ్చే బుక్ బ్యాంక్, పోటీ పరీక్షల పుస్తకాలుండే వేరే బీరువా. బుక్ బ్యాంక్ ఉందంటే దాని దరఖాస్తు గడువు సెమిస్టర్ మొదట్లోనే దాటిపోతుంది, జాగ్రత్త. రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వరు. సాయంత్రం తీసుకెళ్లి పొద్దున్నే తెచ్చేస్తానంటే ఓవర్‌నైట్ ఇష్యూ కింద ఇచ్చే చోట్లున్నాయి.

లేని పుస్తకం కావాలంటే సజెషన్ రిజిస్టర్‌లో రాయండి. రచయిత, ప్రచురణకర్త, ఎడిషన్, ధర అన్నీ రాసి, మీ డిపార్ట్‌మెంట్ హెచ్‌వోడీ చేత ఒక మాట చెప్పించండి. పుస్తకాల డబ్బు చాలాచోట్ల మార్చి 31లోపు ఖర్చయిపోవాలి గనుక జనవరి దాటాక రాస్తే వచ్చే ఏడాది మీ జూనియర్లకు వస్తుంది. ఆగస్టులో రాస్తే మీకే రావచ్చు.

6. గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం ఎగ్గొట్టకండి

ఆ రిజిస్టర్ ఉత్త లాంఛనం కాదు. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందాలు అడుగుతూ వచ్చిన లెక్కల్లో రోజుకు ఎంతమంది లైబ్రరీకి వస్తున్నారు, ఆన్‌లైన్‌లో ఎంతమంది లాగిన్ అవుతున్నారు అన్నదీ ఉంది. లైబ్రరీని సాయంత్రం ఇంకో గంట తెరిచి ఉంచమని ప్రిన్సిపాల్‌ని అడగాలంటే లైబ్రరియన్ చేతిలో ఉన్న ఆధారం ఆ కాగితమే. వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ రెండూ రాయండి. నలుగురు కలిసి వెళ్లినప్పుడు ఒకడే నాలుగు సంతకాలు పెట్టేసి మిగతావాళ్లు లోపలికి పరిగెత్తడం మామూలే. అన్నీ ఒకే చేతిరాత అయితే రేపు లెక్కలు చూసేవాళ్లు నమ్మరు.

7. ఫోన్‌లోకి వచ్చే లైబ్రరీని వదిలేయకండి

మీ కాలేజీకి ఎన్-లిస్ట్ సభ్యత్వం ఉందేమో అడగండి. గాంధీనగర్‌లోని యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2010లో కాలేజీల కోసం మొదలుపెట్టిన పథకం ఇది, ఈ-పుస్తకాలు ఇంటి నుంచే చదువుకోవచ్చు. ఖాతాను మీ అంతట మీరు తెరవలేరు. పేరు, రోల్ నంబరు, మెయిల్ ఐడీ లైబ్రరియన్‌కు ఇస్తే ఆయన ఎక్కిస్తారు, పాస్‌వర్డ్ మెయిల్‌కు వస్తుంది. రాలేదనుకుంటే స్పామ్‌లో చూడండి, నాది అక్కడే దొరికింది. ప్రభుత్వ కాలేజీలు, యూనివర్సిటీల కోసం 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కూడా ఉంది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పరిశోధన పత్రికలు, దాదాపు 13,000, దాని కిందికి వస్తాయి. పీజీ వాళ్లకు బంగారు గని, డిగ్రీ మొదటి ఏడాదివాళ్లకు అంత అవసరం పడదు.

ఎవరినీ అడగకుండా వాడుకోదగ్గవి రెండు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. శోధగంగలో దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు దొరుకుతాయి, తెలుగులో రాసినవీ ఉన్నాయి. ప్రాజెక్టు రాసేవాళ్లు సిద్ధాంత గ్రంథం చివరి పేజీల్లోని ఉపయుక్త గ్రంథాల పట్టిక ముందు చూడండి. ఆ పట్టిక పట్టుకుని లైబ్రరీకి వెళ్తే వెతకాల్సిన పుస్తకాల పేర్లు చేతిలో ఉన్నట్టే.

8. నో డ్యూస్‌కు రెండు వారాల ముందే వెళ్లండి

టీసీ కావాలంటే లైబ్రరీ నుంచి నో డ్యూస్ సంతకం తేవాలి. చివరి రోజున వెళ్తే పాత బాకీలన్నీ ఆ రోజే బయటపడతాయి. నా కార్డు మీద ఒక స్నేహితుడికి తీసిచ్చిన స్టాటిస్టిక్స్ పుస్తకం అలాగే బయటపడింది. వాడు ఊరు మారాడు, పుస్తకం ఎక్కడ పెట్టాడో వాడికే తెలియదు. డబ్బు కడతానంటే తీసుకోలేదు, అదే పుస్తకం తెచ్చివ్వాలన్నారు. రెండు ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేశాను. దొరికింది తర్వాతి ఎడిషన్. భయపడుతూ తీసుకెళ్తే, పాతదానికంటే కొత్తదే మేలు కదా అని సంతోషంగా పుచ్చుకున్నారు. పుస్తకం పోతే ముందు లైబ్రరియన్‌తో మాట్లాడండి, కొత్త ఎడిషన్ ఒప్పుకుంటారో లేదో అడిగి అప్పుడు వెతుకులాట మొదలుపెట్టండి. నేను అడగకుండానే రెండు వారాలు పాత ఎడిషన్ కోసం తిరిగాను.

గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదవబోతున్నవాళ్లు నో డ్యూస్ తీసుకునేటప్పుడే పాత విద్యార్థులను హాలులో కూర్చోనిస్తారా అని కనుక్కోండి. కొన్ని కాలేజీలు డిపాజిట్ తీసుకుని ఒప్పుకుంటాయి. లేదంటే జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, మీ ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు కదా.

సంతకమైన నో డ్యూస్‌ను రెండు జిరాక్సులు తీసి పెట్టుకోండి. అసలుది టీసీ కౌంటర్‌లో ఉంచేసుకుంటారు, హాస్టల్ డిపాజిట్ వెనక్కి ఇచ్చేవాళ్లు మళ్లీ అదే అడుగుతారు.