ఉల్లంకి పిట్టల ఫొటోలు: తప్పు ఎక్కడ మొదలైందో ముందు చూసుకోండి

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే ఉత్తరాది దేశాల నుంచి ఉల్లంకి పిట్టలు (స్యాండ్‌పైపర్లు) మన తీరానికి దిగుతాయి. కాకినాడలో కుంభాభిషేకం అనే చోటి బురదమేటల మీద, పులికాట్ సరస్సు అంచుల్లో మార్చి, ఏప్రిల్ దాకా మేస్తాయి. వాటి ఫొటోలు బాగా రాకపోతే మనం లెన్స్‌ని అనుమానిస్తాం, లేదంటే ఎడిటింగ్ నేర్చుకుంటే చాలనుకుంటాం. కానీ చాలా తప్పులు బురద దగ్గరే పుడతాయి. అందుకే నచ్చని ఫొటోని వెంటనే డిలీట్ చేయకండి. నూరు శాతం జూమ్‌లో పెట్టి చూడండి, కారణం అందులోనే ఉంటుంది.

ఫొటో మసకగా ఉంది, ఈకలు విడివిడిగా కనబడటం లేదు

మసక మూడు రకాలు. పిట్ట మసకగా ఉండి ముందున్న బురద స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. ఫోకస్ పాయింట్ చిన్నది పెట్టుకుని తల మీద ఉంచండి. కాళ్లూ ముక్కూ ఒకే దిక్కుకి సాగినట్టుంటే షట్టర్ స్పీడ్ చాల్లేదు. బురదలో ముక్కు పొడుస్తూ తిరిగే స్టింట్ అనే చిన్న ఉల్లంకి తల క్షణం ఆగదు, 1/1600 సెకను కన్నా తగ్గకండి.

మూడోది అందర్నీ ఏడిపించేది. ఫ్రేములో ఏదీ స్పష్టంగా ఉండదు. వరసగా తీసిన పది ఫొటోలు పక్కపక్కన పెడితే ఒకదాంట్లో కాలు వంకరగా, ఇంకోదాంట్లో ముక్కు లావుగా, నీళ్లలోంచి చూసినట్టు ఉంటుంది. అది నేల మీంచి లేచే వేడి గాలి పని. ఎండమావిని చూపించేదీ ఆ గాలే. ఒక జనవరిలో పదకొండు గంటల ఎండలో తీసిన ఫొటోలన్నీ ఇలాగే వస్తే లెన్స్‌ని సర్వీసుకి ఇచ్చాను. ఏ లోపమూ లేదని తిరిగిచ్చారు. మర్నాడు అదే చోట, అదే లెన్స్‌తో, సూర్యోదయం వేళ తీస్తే రెక్క మీది ఈకల అంచులు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి.

దీనికి ట్రైపాడ్ పనికిరాదు, ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. పొద్దున్నే వెళ్లి, ఎండ ముదరక ముందే ముగించాలి. దూరం తగ్గించుకోవాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద కారులోంచి తీసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. ఏసీ వేసి అద్దం దించితే చల్లగాలీ వేడిగాలీ కిటికీ దగ్గరే కలిసి ఇదే మసక తెస్తాయి. ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి, కాసేపు ఆగి తీయండి.

పిట్ట నేలకి అతుక్కుపోయినట్టుంది

నిలబడి తీశారు, అంతే. పై నుంచి తీస్తే పిట్ట వెనక కనబడేది బురదే. పడుకుని లెన్స్‌ని నేలకి జానెడు ఎత్తులో పెడితే వెనకనున్నదంతా దూరమై మెత్తగా కరిగిపోతుంది, పిట్ట కన్ను మన కన్నుకి ఎదురుగా వస్తుంది. ఒక టార్పాలిన్ ముక్క వెంట ఉంచుకోండి. మెత్తటి బురదలోకి మాత్రం దిగకండి, ఎక్కడ కాలు దిగబడుతుందో అక్కడి జాలరుల్ని అడగండి.

దగ్గరికి వెళ్తే ఎగిరిపోతున్నాయి

మనం వెళ్లడమే కారణం. పోటు మొదలయ్యే ముందే వెళ్లి గట్టి నేల మీద కదలకుండా కూర్చోండి. నీళ్లు ఎక్కుతున్నకొద్దీ మేత నేల తగ్గి అవే మీ వైపు జరుగుతాయి. మేత ఆపి తల ఎత్తి చూసిందంటే మిమ్మల్ని గమనించినట్టే, అప్పుడు అంగుళం కూడా కదలకండి. ఎగురుతున్న గుంపు కోసం వాటిని లేపడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. వేల కిలోమీటర్లు తిరిగి వెళ్లాల్సిన పిట్టలవి. ఇక్కడ తిన్న తిండే వాటి ప్రయాణానికి బలం.

తెలుపు కాలిపోయింది, లేదా పిట్ట నల్లగా వచ్చింది

తడి బురద నల్లగా ఉంటే కెమెరా దాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది, తెల్లటి పొట్ట మీద ఈకలు మాయమవుతాయి. ఒక స్టాప్ దాకా (అంటే వెలుగు సగమయ్యేదాకా) ఎక్స్‌పోజర్ తగ్గించండి. మెరిసే నీళ్ల ముందైతే దీనికి తిరగేసి పెంచాలి. రా ఫైల్‌లో (కెమెరా తన మార్పులు చేయకుండా దాచే ఫైల్) నలుపుని కొంత పైకి లాగొచ్చు, కాలిపోయిన తెలుపు తిరిగి రాదు.

ఎడిటింగ్ తర్వాత ముక్కు చుట్టూ తెల్ల గీత

ఫొటో మొత్తానికి షార్పెనింగ్ (అంచుల్ని పదునుగా చూపించడం) పెంచేశారు. మాస్క్ వేసి పిట్టకి మాత్రమే, అదీ సైజు తగ్గించాక చివర్లో, కొద్దిగా ఇవ్వండి. నాయిస్ (ఫొటోలో కనబడే చుక్కల గరుకు) తగ్గించడం వెనక భాగానికి చాలు. పిట్ట మీద ఎక్కువ వాడితే ఈకలు మైనం పూసినట్టవుతాయి. రంగుల దగ్గర ఇంకా జాగ్రత్త. రెడ్‌షాంక్ కాళ్లు ఎర్రగా, గ్రీన్‌షాంక్ కాళ్లు ఆకుపచ్చగా ఉంటాయి. సాచురేషన్ (రంగుల గాఢత) ఇష్టమొచ్చినట్టు జరిపితే పిట్టని గుర్తుపట్టే ఆధారమే పోతుంది.

అందరూ బాగుందంటున్నారు, ఫొటోలు మాత్రం మెరుగవడం లేదు

"ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబు "బాగుంది" ఒక్కటే. ఎడిట్ చేయని ఫొటో, చేసినది రెండూ పంపి ఒకే ప్రశ్న అడగండి: "ముందు మీ కన్ను ఎక్కడికి వెళ్లింది?" లేదా "ఏది తీసేస్తే బాగుంటుంది?" పిట్టలు తెలిసినవాళ్లని ఒకర్ని, అసలు తెలియనివాళ్లని ఒకర్ని అడగడం నాకు బాగా పనికొచ్చింది.

అలల వెంట పరిగెత్తే స్యాండర్లింగ్‌ని ఒకసారి ఉప్పాడ తీరంలో తీశాను. ముక్కు కొనకి ఇసుక రేణువు అంటుకుని ఉంది, కింద తడి ఇసుకలో పిట్ట నీడ అద్దంలోలా పడింది. ఆ రేణువు చూపించాలని క్రాప్ బిగించి ఒక మిత్రుడికి పంపాను. పిట్టల సంగతి ఏమీ తెలియని ఆయన "కింద పిట్టకి ముక్కు తెగిపోయింది" అన్నారు. నీడ కొన నేనే కోసేశాను. అసలు ఫైల్ తెరిచి కింద కొంచెం చోటు వదిలాను. ఇప్పుడు రెండు ముక్కులూ పూర్తిగా ఉన్నాయి.