హైదరాబాద్‌లో ఆఫీసు పనికి హోటల్ వద్దు, హోమ్‌స్టే చూసుకోండి: ఎలాగో చెబుతాను

ఒకటి రెండు రాత్రులైతే హోటలే నయం. నాలుగు రోజులు దాటే పనైతే మాత్రం హోమ్‌స్టేలో దిగమని మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లందరికీ చెబుతుంటాను. మాది విజయవాడ. ఫార్మా ల్యాబుల్లో మందులో ఏ రసాయనం ఎంతుందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ మెషీన్లు సర్వీసు చేయడం, వాటి కొలతలు సరిచూసి (కేలిబ్రేషన్) కాగితాలు అప్పజెప్పడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో వారం, పది రోజులు ఉండిపోవడం మామూలే. రోజంతా ల్యాబులో నిలబడి వచ్చాక మసాలా కూరలు తింటూ, ఉతికిన బట్టలు బాత్రూములో ఆరేసుకుంటూ ఎన్నాళ్లని నెట్టుకొస్తాం? మూడో రోజుకే ఒళ్లు మొరాయిస్తుంది. అదే ఒక ఇంట్లో ఉంటే డాబా మీద దండెం ఉంటుంది, రాత్రికింత పెరుగన్నం దొరుకుతుంది, వేళకి నిద్ర పడుతుంది.

ముందు ఏరియా తేల్చుకోండి. బుకింగ్ యాప్‌లో ఊరి పేరు కొట్టకుండా, పని ఉన్న చోటు పేరు కొట్టండి. జీడిమెట్ల, బాలానగర్ పనైతే కూకట్‌పల్లి. పాశమైలారం అయితే చందానగర్, బీరంగూడ వైపు. నాచారం, ఉప్పల్ పక్క అయితే హబ్సిగూడ, తార్నాక హాయి. నాగోల్–రాయదుర్గం మెట్రో అక్కడే ఆగుతుంది, సాయంత్రం హైటెక్ సిటీలో మీటింగున్నా రైలెక్కి పోవచ్చు. ఒక్క సంగతి మరీ జాగ్రత్త: బొల్లారాలు రెండున్నాయి. రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం సికింద్రాబాద్ దాటాక వస్తుంది. మందుల ఫ్యాక్టరీలున్న ఐడీఏ బొల్లారం మియాపూర్ దాటి లోపలికి వెళ్లాలి. పేరు చూసి బుక్ చేస్తే రోజూ ఊరు అడ్డంగా దాటాల్సి వస్తుంది. దూరం కూడా కిలోమీటర్లలో చూడకండి. మ్యాప్‌లో బయల్దేరే సమయం పొద్దున ఎనిమిదిన్నర అని పెట్టి, ఎంతసేపు చూపిస్తుందో అది చూడండి.

తర్వాతది, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది: ఓనర్లు ఆ ఇంట్లోనే ఉంటారా? కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో కూడా నిబంధన ఇదే. ఇంటివాళ్లు అక్కడే కాపురం ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు దాకానే ఉండాలి. యాప్‌లలో హోమ్‌స్టే పేరుతో కనిపించేవి చాలావరకు ఉత్త ఖాళీ ఫ్లాట్లు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది, చూసుకునే మేనేజరు ఎక్కడో ఉంటాడు. పొద్దున ఆరింటికి గీజరు పని చేయకపోతే మీ గోడు వినే దిక్కుండదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు యాప్‌లోనే మెసేజీ పెట్టి అన్నీ అడగండి. మీరుండేది అదే ఫ్లోరులోనా? నేను ఆరుంబావుకల్లా బయటపడాలి, టిఫిన్ కుదురుతుందా, కుదరకపోతే వంటగది వాడుకోనిస్తారా? కరెంటు పోతే వైఫై రూటరు ఇన్వర్టరు మీద నడుస్తుందా? ఈ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. ఇళ్లలో ఇన్వర్టరు మీద లైట్లూ ఫ్యాన్లూ నడుస్తాయి కానీ, రూటరు ప్లగ్గు వేరే లైన్లో ఉండొచ్చు. రాత్రి పదింటికి రిపోర్టు అప్‌లోడ్ చేస్తుంటే మధ్యలో తెగిపోతుంది. రాసుకునే బల్ల, కుర్చీ, పక్కన ప్లగ్గు కనిపించేలా ఫొటో పంపమనండి. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని వారం పని చేస్తే నడుం పట్టేస్తుంది. ఎండాకాలమైతే నీళ్ల సంగతి తప్పకుండా అడగండి. కొండాపూర్, నిజాంపేట, మణికొండ వైపు చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీదే నెట్టుకొస్తాయి. జవాబులు ఓపిగ్గా, వివరంగా వచ్చాయంటే ఆ ఇంట్లో మీకు ఇబ్బంది ఉండదని నా నమ్మకం.

గేటు విషయం వేరే చెప్పాలి. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో రోజువారీ అద్దెలకు అసోసియేషన్ ఒప్పుకోదు. ఓనర్లు చాటుగా ఇస్తారు. మా టీమ్ అమ్మాయితో ఇలాగే ఒక ఓనరావిడ "గేటు దగ్గర మా చుట్టాలమని చెప్పమ్మా" అంది. రాత్రి పదకొండు, చేతిలో టూల్‌కిట్టు. సెక్యూరిటీ అతను రిజిస్టరు తెరిచి "ఏమవుతారు మేడమ్?" అని అడిగాడు. ఆ ఓనరావిడేమో ఫోన్ ఎత్తదు. అమ్మాయిని అలా రోడ్డు మీద నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ కోపమే. "చుట్టాలమని చెప్పండి" అనే మాట వినబడిందంటే ఆ ఇల్లు వదిలేయండి. ఆడవాళ్లు గదికి లోపలి గడియ, అటాచ్డ్ బాత్రూమ్, మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా వీధి దీపాలు ఉన్నాయో లేదో కూడా కనుక్కోవాలి. గుర్తింపు కార్డు అడిగితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు.

ఇక బిల్లు. అకౌంట్స్ వాళ్లు "జీఎస్టీ నంబరు లేదు కదా, క్రెడిట్ పోతుంది" అంటారు. క్రెడిట్ అంటే బిల్లులో కట్టిన జీఎస్టీని కంపెనీ తన పన్నులోంచి తగ్గించుకోవడం. మాలాంటి ఆంధ్రా రిజిస్ట్రేషన్ కంపెనీలకు పోయేదేమీ లేదు. రోజుకు 7,500 రూపాయల లోపు గదుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతమే. హైదరాబాద్ హోటల్ బిల్లు మీదా మాకు ఆ క్రెడిట్ రాదు, ఎందుకంటే బస మీద పన్ను ఆ భవనం ఉన్న రాష్ట్రానికే చెందుతుంది. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్న ఇంటివాళ్లకు మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వాళ్ల దగ్గర పేరు, పూర్తి చిరునామా, తేదీలు, రాత్రులెన్ని, రోజుకెంత అన్నీ రాసి సంతకం పెట్టిన బిల్లు తీసుకోండి. డబ్బు యూపీఐలోనో బ్యాంకులోనో వేయండి. ఒకరికి ఒకే రోజు 10,000 మించి నగదుగా ఇస్తే కంపెనీకి ఆ ఖర్చు చెల్లదు. వెళ్లేముందే హెచ్‌ఆర్ నుంచి ఒక్క లైను మెయిల్ అనుమతి తీసి పెట్టుకోండి.

తిండి మాట మొదటిరోజే తేల్చుకోవాలి. పూటకెంత, మాంసాహారం వండుతారా, రాత్రికి రాకపోతే ఎన్నింటిలోపు చెప్పాలి? హబ్సిగూడలో నేను దిగే ఇంట్లో ఆంటీ రాత్రి పడుకోబోయే ముందు "రేపు ఎన్నింటికి బిడ్డా?" అని అడుగుతారు. ఆరింటికి అంటే ఐదున్నరకే ఇడ్లీ కుక్కరు కూత వినిపిస్తుంది. సాయంత్రం జొన్నరొట్టె, పచ్చిపులుసు. వాళ్లకు ఆ పాటి మర్యాద మనమూ ఇవ్వాలి. పదింటి తర్వాత హాల్లో కాన్ఫరెన్స్ కాల్స్ వద్దు, అడగకుండా కొలీగ్స్‌ని పిలవొద్దు.

హోటలే మేలైన సందర్భాలున్నాయి. తెల్లవారుజామున శంషాబాద్ ఫ్లైటుంటే విమానాశ్రయం దగ్గరే దిగండి. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల కార్లు కదలవు, అప్పటికి పనిచోటుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఏది దొరికితే అది తీసుకోండి. విదేశీ ఇంజినీరు వెంట వస్తే ఆయన వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. ఇంటివాళ్లకు ఆ పద్ధతి తెలియకపోతే ఆయనకు హోటలే చూడండి.

మా పనుల్లో మెషీను ఒక పట్టాన తేలదు. అందుకే బుక్ చేసేటప్పుడే "ఇంకో రెండు రాత్రులు పొడిగించాల్సి రావచ్చు, గది ఖాళీగా ఉంటుందా?" అని అడిగి, ఆ జవాబు మెసేజీలోనే తీసుకోండి.