ఎస్పరాంటో వాక్యం ఎక్కడ తేడా కొడుతుంది?

జామెన్‌హోఫ్ అనే ఆయన తయారుచేసి 1887లో బయటికి తెచ్చిన కృత్రిమ భాష ఎస్పరాంటోలో కర్త, కర్మ, క్రియ ఏ వరుసలో ఉన్నా చెల్లుతుంది. తెలుగూ అంతే కదా అని ధీమాగా మొదలుపెడతాం. కానీ అక్కడ ఆ వెసులుబాటంతా మాట చివరి అక్షరాల పుణ్యమే. నల్గొండలోనో పాలమూరులోనో కూర్చుని తెలుగులో ఆలోచిస్తూ రాస్తే తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

సమస్య: పిల్లలమర్రికి వెళ్లొచ్చి "మీ వీదిస్ ఆర్బో" (నేను చెట్టు చూశాను; ఇక్కడ "మీ" అంటే నేను) అని రాశారు.
కారణం: "చెట్టు చూశాను" అంటాం, "చెట్టును" అని పట్టుబట్టం. మనుషులు, జంతువులు కానివాటికి ని, ను వదిలేయడం మన అలవాటు.
పరిష్కారం: కర్మ ఏదైనా చివర న్ తప్పదు: "మీ వీదిస్ ఆర్బోన్". "ఆర్బోన్ మీ వీదిస్" అని తిప్పినా అదే అర్థం. ఇక "మీ" ఎగరగొట్టారో, చూసింది ఎవరో తెలియదు. "చూశాను"లో నేను దాగి ఉంటుంది, "వీదిస్"లో ఉండదు.

సమస్య: "పెద్ద చెట్లను" అనబోయి "గ్రాందా ఆర్బోయ్‌న్" అని రాయడం.
కారణం: పెద్ద చెట్టు, పెద్ద చెట్లను... మన "పెద్ద" ఎప్పుడూ కదలదు.
పరిష్కారం: విశేషణం కూడా నామవాచకంతో పాటు మారాలి: "గ్రాందాయ్‌న్ ఆర్బోయ్‌న్". ముందు బహువచనం య్, తర్వాత న్. విశేషణం ముందున్నా వెనకున్నా ఫర్వాలేదు.

సమస్య: ఇది నేర్చుకున్నాక ప్రతిదానికీ న్ తగిలించడం. తలుపుకు ఎర్ర రంగు వేశానని చెప్పబోయి "మీ ఫార్బిస్ లా పోర్దోన్ రూజాన్" అంటారు.
కారణం: ఆ న్ వల్ల "రూజా" (ఎర్ర) అనే మాట తలుపుకు అతుక్కుంది. అంటే తలుపు ముందే ఎర్రది, మీరు దానికి ఏదో రంగు వేశారు.
పరిష్కారం: రంగు వేశాక ఎర్రగా అయితే "లా పోర్దోన్ రూజా". నన్నడిగితే ఈ భాషలో అన్నిటికన్నా ముచ్చటైన నియమం ఇదే.

సమస్య: "మాత్రమే" తప్పు చోట పడటం.
కారణం: మనకు అది మాట వెనక వస్తుంది. ఎస్పరాంటోలో "మాత్రమే" అనే "నూర్" ముందు వస్తుంది, తన పక్కనున్న మాటనే పట్టుకుంటుంది.
పరిష్కారం: "నూర్ మీ మాంజిస్ పానోన్": రొట్టె తిన్నది నేనొక్కడినే. "మీ మాంజిస్ నూర్ పానోన్": రొట్టె తప్ప ఇంకేం తినలేదు. "కాదు, లేదు" అనే "నే" కూడా ఇంతే.

ఇంట్లో, ఇంట్లోకి తేడా మాత్రం మనకు సులువు: "ఎన్ లా దోమో", "ఎన్ లా దోమోన్". "ఆల్ లా దోమో" అంటే ఇంటి వైపు. "ఆల్"లోనే దిశ ఉంది కాబట్టి అక్కడ న్ వద్దు.