ఆమ్‌స్టర్‌డామ్‌లో సైకిలెక్కే ముందు ఆగడం నేర్చుకోండి

పోయిన శనివారం మా తోడల్లుడి మణికట్టు విరిగింది. కాకినాడ నుంచి వచ్చి రెండు రోజులు కూడా కాలేదు. తాగి పడ్డాడా అంటే కాదు, స్పీడుగా పోయాడా అంటే అదీ కాదు. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలువ వంతెన దగ్గర, నీళ్లలో ఇళ్ల నీడలు బాగున్నాయని ఫొటో కోసం సైకిల్ ఆపాడు. ఎక్కడున్నాడో అక్కడే, దారి మధ్యలో. వెనక ఒకావిడ వస్తోంది, సైకిల్ ముందున్న చెక్కపెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని. ఆ పెట్టె బండిని ఇక్కడ బాక్‌ఫీట్స్ అంటారు. బ్రేకు వేసింది కానీ అంత బరువు ఒక్కసారిగా ఎక్కడ ఆగుతుంది? పిల్లలు ఏడ్చారు, వాళ్లకేం కాలేదు. ఈయన చెయ్యి ఊని పడ్డాడు.

ఎక్స్‌రే కోసం కూర్చున్నప్పుడు ఆయన నాతో అన్నమాట ఇది: "నా మానాన నేను ఆగాను కదన్నయ్యా. వెనకొచ్చేవాళ్లు చూసుకోవద్దా?"

మొత్తం జబ్బు ఆ మాటలోనే ఉంది. మన రోడ్ల మీద ముందున్నవాడు ఎప్పుడైనా ఆగొచ్చు, ఎటైనా తిరగొచ్చు. వెనకవాడు హారన్ కొట్టి పక్క నుంచి పోతాడు. ఇద్దరికీ అలవాటే కాబట్టి బండి నడుస్తుంది. ఇక్కడ హారన్ లేదు. వెనకొచ్చే మనిషి మీరు అదే స్పీడులో తిన్నగా పోతూనే ఉంటారని నమ్మి, మీకు రెండు గజాల దూరంలో వస్తుంటాడు. ఆ నమ్మకం మీదే ఈ ఊళ్లో ఇన్ని సైకిళ్లు పోతున్నాయి. మీరు ఉన్నట్టుండి ఆగితే అది పోయినట్టే.

ఆమ్‌స్టర్‌డామ్ పక్క ఊరు ఆమ్‌స్టెల్‌వేన్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. తులిప్‌ల సీజన్ వస్తే మా ఇంటికి చుట్టాలు మూడు నాలుగు బ్యాచ్‌లుగా దిగుతారు. దెబ్బలు తగిలించుకున్నవాళ్లలో ఒక్కరూ స్పీడు వల్ల పడలేదు. అందరూ ఆగి పడ్డవాళ్లే.

అందుకే ముందే చెబుతున్నాను: ఆగాలంటే మొదట కుడిపక్కకు రండి, దారి దిగండి, అప్పుడు ఆగండి. పాస్‌పోర్టు, ఇన్సూరెన్సు, రెయిన్‌కోటు సంగతులు మీకు నేను చెప్పక్కర్లేదు.

సైకిల్ తీసుకునేటప్పుడు

దిగిన రోజు సైకిల్ ముట్టుకోవద్దు. ఈ సీజన్‌లో మనకీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం ఎనిమిదైనా బయట వెలుతురు ఉంటుంది కాబట్టి ఒక రౌండు వేద్దామనిపిస్తుంది. మీ ఒంటికి మాత్రం అది రాత్రి పదకొండున్నర. పైగా ఇక్కడ కుడివైపు పోవాలి. తిన్నటి దారిలో అది గుర్తుంటుంది, మలుపు తిరగ్గానే చెయ్యి దానంతటదే ఎడమకు లాగుతుంది. నిద్ర తీరాక, ఆమ్‌స్టర్‌డామ్సె బాస్ అడవి దారుల్లో ఒక గంట తొక్కి, తర్వాతే ఊళ్లోకి వెళ్లండి.

అద్దె సైకిళ్లలో చాలావాటికి వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మనకొక అలవాటుంది: సైకిల్ దానంతటది పోతుంటే సరదాకి పెడల్ వెనక్కి తిప్పుతాం, టకటకమని చప్పుడొస్తుంది. ఇక్కడ అలా తిప్పారా, చక్రం పట్టేస్తుంది. అంటే మళ్లీ దారి మధ్యలో ఆగినట్టే. సిగ్నల్ దగ్గర కూడా పెడల్‌ని వెనక్కి తిప్పి కాలికి అందేలా సర్దుకోలేరు. ఆగేటప్పుడే ఒక పెడల్ పైన ఉండేలా ఆగాలి. ఈ గొడవంతా ఎందుకనుకుంటే చేతిబ్రేకుల సైకిలే కావాలని అడగండి. సీటు దింపించుకోండి. ఇక్కడివాళ్లు పొడుగు, కాళ్లు నేలకు అందకపోతే ఆపలేరు.

దారి మీద

ఎర్రరంగు దారి సైకిళ్లది. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ ఉందే, అలాంటిదే అనుకుని వస్తారు. అక్కడికి వచ్చేది చాలావరకు వ్యాయామానికో సరదాకో. ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నరకు పోయేవాళ్లకు ఆఫీసుంది, బడుంది, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది. మీ సెల్ఫీకి దారివ్వరు.

వెనక నుంచి బెల్లు వినిపిస్తే తిరిగి చూడకండి. చూస్తే హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది. కుడి అంచున తిన్నగా పోతుండండి, వాళ్లే ఎడమ నుంచి దాటిపోతారు. "పాస్ ఆప్!" అని అరిస్తే జాగ్రత్త అని అర్థం, తిట్టు కాదు. తిట్టినా వాదన పెట్టుకోకండి. చెయ్యెత్తి సారీ చెప్పి కదలండి, ఆ వాదనకు కూడా దారి మధ్యలో ఆగకండి.

నేల మీద వరసగా తెల్ల త్రిభుజాలు కనిపిస్తాయి. సొరచేప పళ్లంటారు వీళ్లు. మొనలు మీవైపు ఉంటే మీరే ఆగి దారివ్వాలి. గుర్తులేవీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లది ముందు. ట్రామ్ ఎవరి కోసమూ ఆగదు. పట్టాలను అడ్డంగా, లంబకోణంలో దాటండి. ఏటవాలుగా పోతే టైరు గాడిలో దిగుతుంది, సైకిల్ ఆగుతుంది, మీరు ఆగరు.

2022లో ఈ దేశంలో 291 మంది సైకిల్ మీద పోతూ ప్రమాదాల్లో చనిపోయారు. కార్లలో పోయినవాళ్ల కంటే ఎక్కువ. చిన్నప్పటి నుంచీ తొక్కేవాళ్ల లెక్క అది. మీరు నిన్న దిగారు.

ఇక మిగతావి:

- ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కితే ఫైన్, 2019 జులై నుంచి. మ్యాప్ చూడాలా? కుడికి రండి, దిగండి, ఆగండి.
- ఇద్దరు పక్కపక్కన పోవచ్చు. నలుగురు వద్దు, పెళ్లి ఊరేగింపు కాదు.
- తిరిగే ముందు చెయ్యి చాపండి.
- చీకటి పడితే ముందు, వెనక లైట్లు.
- తాగి ఎక్కొద్దు. ఇక్కడ కాఫీషాప్ అని బోర్డు ఉన్నచోట అమ్మేది గంజాయి. కాఫీ కావాలంటే మా ఇంటికి రండి, ఫిల్టర్ కాఫీ ఇస్తాను.
- రెండు తాళాలూ వేయండి. చక్రానిది ఒకటి, స్టాండుకు కట్టే గొలుసుది ఒకటి.
- ఎక్కడపడితే అక్కడ పెడితే మున్సిపాలిటీవాళ్లు ఎత్తుకుపోతారు. సెంట్రల్ స్టేషన్ ముందు నీళ్ల కింద 7,000 సైకిళ్ల పార్కింగ్ ఉంది, 2023 జనవరిలో తెరిచారు. మొదటి 24 గంటలు ఉచితం.
- స్టేషన్ వెనక ఉచిత ఫెర్రీ ఎక్కండి. దిగాక ర్యాంపు చివర ఆగి "ఎటెళ్దాం?" అని మీటింగ్ పెట్టొద్దు. మీ వెనక వందమంది ఉంటారు.
- ఏప్రిల్ 27 రాజుగారి పండగ. ఆ రోజు ఊరి నడిమధ్యకు సైకిల్ వద్దు.
- లిస్సె పూలతోటల దగ్గర దారి సన్నం. తోటలో దిగొద్దు. దారి మీద నిలబడొద్దు.
- నడిచేటప్పుడు కూడా. సూట్‌కేసు ఎర్రదారి మీద నిలబెట్టి అడ్రసు వెతుక్కోవద్దు.
- పిల్లలకు ముందుగా నేర్పండి, బ్రేకు కాదు, పక్కకు రావడం.

మా తోడల్లుడు నిన్న కట్టు చేత్తో ట్రామ్‌కని బయల్దేరి, ఎర్రదారి మధ్యలో నిలబడి కాకినాడకు వీడియో కాల్ చేశాడు. భుజం పట్టుకుని పక్కకు లాగాను. శుక్రవారం మా పిన్నివాళ్లు దిగుతున్నారు. శనివారం సైకిలడిగితే తాళం చెవి ఇవ్వను.